అల్లుడి పక్క సీటు

మా పెద్దమ్మ చేతి దెబ్బ తినని వాళ్ళు మా చుట్టాల్లో ఎవరూ లేరు, ఒక్క అల్లుడు తప్ప. ఆ ఒక్కడికీ తర్వాత వడ్డీతో సహా ముట్టింది. ఆ సంగతికి వస్తాను.

మొన్న ఆమె పదకొండో రోజున, బెల్లంపల్లిలో, భోజనాలయ్యాక టెంటు కింద చాపలేసుకుని కూర్చున్నాం. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం ఎక్కడైనా ఆనవాయితీ. మావాళ్ళు మాత్రం ఎవరు ఎప్పుడు ఎందుకు దెబ్బ తిన్నారో చెప్పుకుని నవ్వడం మొదలుపెట్టారు. మా మామ, అంటే ఆమె సొంత తమ్ముడు, చెవి పక్కన మచ్చ చూపించాడు. అన్నం దగ్గర అలిగి కంచం తోసేస్తే అట్లకాడ విసిరిందట. పక్కింటి ముసలాయన నేనేం తక్కువా అన్నట్టు ముందుకు జరిగాడు. "నన్నయితే చీపురుతోని కొట్టింది. తాగొచ్చి వీళ్ళ దర్వాజ కాడ పడ్డ. సప్పుడు చెయ్యక పడుకుంటే బాగుండు, పాట అందుకున్న" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. స్వరూపక్క నవ్వలేదు. పెద్దమ్మకు ఆమె ఒక్కతే కూతురు. మాకు వీపు తిప్పి విస్తరాకులు ఎత్తుతూ ఉండిపోయింది.

పెద్దమ్మ కొట్టే తీరు నాకు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ముందు కొంగు నడుముకు చెక్కుకుంటుంది. తర్వాత కుడిచేతి గాజుల్ని మోచేతి దాకా తోసుకుంటుంది, పగలకుండా. ఆ గాజుల గలగల వినిపిస్తే పిల్లలం పరుగో పరుగు. వీపు మీద పడిందంటే లోపల ఊపిరి కాసేపు ఆగిపోయేది. ఏడవనిచ్చేది కాదు. "ఏడ్సినవంటే ఇంకోటి పడ్తది" అనేది, నిజంగానే ఇంకోటి పడేది. సెలవులకు వెళ్ళే మాకు అది కొన్నాళ్ళ బాధే. స్వరూపక్కకు ఏడాది పొడుగునా అదే. అందుకని మా అందరిలో ఏడుపు మింగడం అక్కకే బాగా వచ్చింది. తల్లి కొడుతుంటే కంట్లో చుక్క నీరు లేకుండా గోడవైపు చూస్తూ నిలబడేది. "నా బిడ్డ గట్టిది" అని పెద్దమ్మ పదిమందికీ చెప్పుకుని మురిసేది కూడా.

కొట్టిన కాసేపటికి జొన్నరొట్టె కాల్చి, మీద వెల్లుల్లి కారం రాసి, పేరు పెట్టి పిలిచేది. అలిగి రాకపోతే దానికీ దెబ్బే.

పెద్దమ్మ భర్త, మా పెదబాపు, బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మావైపు గనిని బాయి అంటారు. ఆయన మంచివాడని కాలనీ అంతా అనేది, తాగనప్పుడు. తాగి వచ్చిన రోజు దెబ్బలు పెద్దమ్మ తినేది. తెల్లారి లేచి వాటినే మాకు పంచేది. ఇంత చిన్న విషయం నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆయన పోయాక ఆమె చేతికి గాజులు లేవు. అయినా ఎవరినైనా కొట్టబోయే ముందు ఉత్త చేతినే అలా మోచేతి దాకా తోసుకునేది.

ఒకసారి నల్లా దగ్గర వరుస తప్పి బిందె పెట్టిన ఆవిడ నుదురు పగలగొట్టింది, అదే బిందెతో. రక్తం కంట్లోకి కారుతుంటే పసుపు తెచ్చి అద్దింది. తన చీర చెంగే చింపి కట్టు కట్టి దవాఖానకు నడిపించుకుపోయింది. దారి పొడుగునా తిట్లు మాత్రం ఆగలేదు. "లైన్ల నిలవడితే నీ సొమ్మేం పోతుండెనే?" కుట్లు వేస్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుందట. ఆవిడ కూడా మొన్న భోజనానికి వచ్చింది. నుదుటి మీద గీత అలాగే ఉంది.

ఇంతటి మనిషీ అల్లుడి ముందు పిల్లిలా అయిపోయేది. మావైపు పాతకాలం అత్తలు అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోరు, అతనితో నేరుగా మాట్లాడరు. ఇప్పుడు చాలామంది వదిలేశారు. పెద్దమ్మ వదల్లేదు. బావ వచ్చాడంటే కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని తలుపు చాటుకు జరిగేది. ఏమైనా అడగాలంటే మనవరాలు చిన్నిని మధ్యలో నిలబెట్టేది. "చిన్నీ, మీ డాడీ ఇంక జర అన్నం పెట్టుకుంటడేమో అడుగు" అనేది. ఆ డాడీ చేతికి అందేంత దూరంలోనే కంచం ముందు ఉండేవాడు. "వద్దంట అమ్మమ్మా" అని చిన్ని చెప్పాకే గిన్నె కింద పెట్టేది. మేం నవ్వితే మండిపడేది.

"పెండ్లిల కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తి మీద చల్లుకున్న. దేవుడసొంటోడు. దేవునితోని ముచ్చట పెడ్తరానే ఎవలన్న?"

ఆ దేవుడికి కరీంనగర్‌లో ఎరువుల దుకాణం ఉండేది. మెల్లగా మాట్లాడేవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. అదృష్టమంటే స్వరూపదే అనుకునేవాళ్ళం అందరం.

ఒక ఎండాకాలం ఢిల్లీ చూపిస్తానని ఆయనే అన్నాడు. ఆయన, అక్క, చిన్ని, పెద్దమ్మ. నేను అప్పుడే డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. చిన్నిని చూసుకుంటానని, ఇంగ్లీషు ముక్కలు వచ్చని నన్నూ కలిపారు. హిందీకి నా అవసరం లేదు. బాయి కాలనీకి బతకడానికి వచ్చిన ఉత్తరాది ఆడవాళ్ళతో నల్లా దగ్గర పోట్లాడి నేర్చుకున్న హిందీ పెద్దమ్మది.

శంషాబాద్‌లో సామాన్లు ఇచ్చే చోట అక్క నన్ను పక్కకు లాగింది. "మనిద్దరికి ఒక్కతాన సీట్లియ్యుమని అడుగు. ఆయన పక్కన నాకొద్దు" అంది.

"ఎందుకక్కా?"

"ఊకెనే. ముచ్చట పెట్టుకోవచ్చు."

కౌంటరు అమ్మాయి అలాగే ఇచ్చింది. ముందు వరుసలో కిటికీ దగ్గర చిన్ని, మధ్యలో పెద్దమ్మ, చివర బావ. వాళ్ళ వెనక నేనూ అక్క. పాసులు చూసుకుని అక్క చాలా తేలికపడింది. విమానం మొదటిసారి ఎక్కుతున్నందుకు సంతోషమేమో అనుకున్నాను.

విమానం ఆలస్యమన్నారు. కాసేపటికి ఇంకా ఆలస్యమన్నారు. బోర్డు మీద టైము మారడం, జనం ఉస్సురనడం, ఇదే పని. కుర్చీలు ఎన్నో ఖాళీగా ఉన్నాయి. అల్లుడు కుర్చీలో ఉన్నాడు కాబట్టి పెద్దమ్మ స్తంభం వెనక నేల మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంది. నేల తుడిచే మిషను నడుపుకుంటూ వచ్చినతను లేవమన్నాడు. "ఉధర్ సే ఘుమాలే భయ్యా, దామాద్ బైఠే హై" అంది. అల్లుడు కూర్చుంటే ఈమె నేల మీద ఎందుకుందో అతనికి అర్థమైందో లేదో, చుట్టూ తిప్పుకుని పోయాడు.

బావ పదే పదే వెళ్ళి విమానం సంగతి అడుగుతున్నాడు. ఆఖరుసారి అక్కడున్న కుర్రాడు విసుక్కుని ఇంగ్లీషులో గట్టిగా ఏదో అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వు ముఖంతోనే తిరిగొచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. అక్క చిన్నిని ఒళ్ళోకి లాక్కుని దగ్గరగా పట్టుకుంది.

ఎక్కాక అసలు తమాషా మొదలైంది. తన సీటు అల్లుడి పక్కనని తెలిసి పెద్దమ్మ నడిమి దారిలో అడ్డంగా నిలబడిపోయింది.

"నేను కూసోను. అల్లునికి భుజం తాకిచ్చుకుంట కూసుంటనా? ఇజ్జత్ ఉన్నదా లేదా?"

వెనక జనం ఆగిపోయారు. ఎయిర్ హోస్టెస్ బతిమాలింది. నేను ముందుకు వస్తానన్నాను.

"పెండ్లి కాని పిల్లవు, నువ్వెట్ల కూసుంటవే? మొగని పక్కన పెండ్లం కూసుంటది. లే స్వరూపా, నువ్వు రా ఇటు."

అక్క లేవలేదు. "గీడనే ఉంట అవ్వా, ఇయ్యాల్టికి" అంది మెల్లగా.

పెద్దమ్మ ఎడమచెయ్యి కుడిచేతిని మోచేతి దాకా తోసింది. అంతమంది మధ్యలో, విమానంలో. అక్క లేచి ముందు సీట్లోకి వెళ్ళింది. పెద్దమ్మ తృప్తిగా నా పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది.

తలుపులు మూశాక కూడా విమానం కదల్లేదు. లోపల ఉక్క. చిన్ని నీళ్ళు తాగబోయి బావ ప్యాంటు మీద ఒలికించింది. "ఏం కాదు రా" అని ఆయన పాప తల నిమిరాడు. ఆయన ఇంకో చెయ్యి సీట్ల మధ్య సందులోంచి మాకు కనబడింది. అక్క మోచేతి పైన మెత్తటి చోట రెండు వేళ్ళతో పట్టుకుని మెలిపెట్టాడు. వదల్లేదు. పట్టు మార్చి మళ్ళీ తిప్పాడు. అక్క నోట్లోంచి చప్పుడు లేదు. భుజం ఒక్కటి పైకి లేచి అలాగే ఆగింది. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె చూసింది. చూసి తల కిటికీ వైపు తిప్పుకుంది. తన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

ఢిల్లీలో ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎర్రకోట చూశాం, ఇండియా గేటు చూశాం. బావ అందరికీ నిమ్మసోడాలు తాగించాడు, అడుగడుగునా ఫొటోలు తీయించాడు. పెద్దమ్మ కళ్ళు మాత్రం అక్క చేతుల మీదే ఉన్నాయి. ఎర్రకోట నుంచి గదికి వచ్చాక, బావ కిందికి వెళ్ళిన సమయం చూసి, అక్కను గోడకు నిలబెట్టి జాకెట్టు చెయ్యి పైకి లాగింది. అంత ఎండలో మోచేతులు దాటే జాకెట్లు ఎందుకు తొడుగుతోందో అప్పుడు తెలిసింది. నల్లగా కమిలినవి, పచ్చబడినవి, పాతవై మాసినవి. ఇంకో చెయ్యీ అంతే.

పెద్దమ్మ వాటిని చూసింది. చూసి, అక్క చెంప మీద ఈడ్చి కొట్టింది.

"నాకెందుకు చెప్పలేదే?"

అక్క చిన్నప్పటిలాగే గోడవైపు తిరిగి నిలబడింది. "చెప్తే ఏం జేస్తుంటివి? దేవుడసొంటోడు గదా" అంది.

మెట్ల మీద బావ అడుగుల చప్పుడైంది. పెద్దమ్మ గబగబా కొంగు భుజాల మీదికి కప్పుకుంది. "చిన్నీ, మీ డాడీ చాయ్ తాగుతడేమో అడుగు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరినీ కొట్టిన చెయ్యి, కొట్టాల్సిన చోటికి వచ్చేసరికి చాయ్ అందిస్తోంది. ఆ రోజు ఆమెను నేను అసహ్యించుకున్నాను.

మర్నాడు కుతుబ్ మినార్. వాళ్ళ ముగ్గురినీ మినారు కనబడేలా నిలబెట్టి ఫొటో తీస్తున్నాను. పెద్దమ్మ నా పక్కన ఉంది. చిన్ని చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి బావ తెల్లచొక్కా మీద పడింది. ఫోనులో చూస్తున్నాను నేను. ఆయన ముఖంలో నవ్వు చెక్కుచెదరలేదు. మోచెయ్యి మాత్రం వెనక్కి పోయి అక్క డొక్కలో దిగింది. అక్క రెండుగా వంగిపోయింది. నా పక్కన పెద్దమ్మ లేదు.

మొదటి దెబ్బకు బావ కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. రెండోదానికి ముక్కులోంచి రక్తం వచ్చి ఐస్‌క్రీమ్ మరక మీద పడింది. తూలి వెనక రాతిగట్టు మీద కూలబడ్డాడు. పెద్దమ్మ జుట్టు దొరకబుచ్చుకుని తల ఆ రాయికేసి కొట్టింది. మళ్ళీ కొట్టింది. కొంగు జారిపోయి మట్టిలో పడి ఉంది. దానికేసి కూడా చూడలేదు.

"నీ కాళ్ళు కడిగిన గదరా! ఆ నీళ్ళు నెత్తి మీద చల్లుకున్న గదరా, కొడ్కా!"

అల్లుడితో ఆమె నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. జనం మూగారు. ఎవరో ఫోనులు పైకెత్తారు. కాపలా మనిషి ఈల ఊదుతూ వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. "హట్! దామాద్ హై మేరా" అని అతణ్ణి ఒక్క తోపు తోసి, కాలి చెప్పు తీసింది. మొదటి రెండు దెబ్బలకు నాకు సంతోషం కలిగింది, దాచడమెందుకు. తల రాయికి తగిలిన చప్పుడు విన్నాక భయమేసింది. చంపేస్తుందనే అనుకున్నాను. చిన్ని కళ్ళు మూసుకుని కేకలు పెడుతోంది.

డొక్క పట్టుకునే అక్క లేచి వచ్చింది. చెప్పు ఉన్న చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇడువు. సస్తడు."

"సావనీ!"

"ఇడువు అవ్వా. నన్ను సుత నువ్వు గిట్లనే కొట్టినవ్ గదా." అక్క గొంతు పెంచలేదు. "ఏడ్వద్దని నేర్పినవ్. ఈయన మొదటిసారి కొట్టిననాడు నాకు కొత్తగ అనిపియ్యలే. మనింట్ల ఉన్నట్టే అనిపిచ్చింది."

పెద్దమ్మ చేతిలోంచి చెప్పు జారిపోయింది. అంతసేపూ బుసలు కొట్టిన మనిషి ఒక్కసారిగా ముసలిదైపోయింది. మట్టిలోంచి కొంగు తీసి దులుపుకోకుండానే భుజాన వేసుకుని, కూతురి ముఖంలోకి చూడలేక మినారు వైపు చూసింది.

బావ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. పరువు ఆయనకు ప్రాణం. తిరుగు ప్రయాణంలో ముక్కుకు ప్లాస్టరుతో మాకు దూరంగా కూర్చున్నాడు. విమానం మళ్ళీ ఆలస్యం. ఆయన అన్నదమ్ములు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, సర్దుకొమ్మని అక్కకు చెబుతున్నారు. అక్క వింటూ చిన్ని జుట్టు సర్దుతోంది. కరీంనగర్ తిరిగి పోతుందా పోదా అని ఆమె ముఖమే చూస్తున్నాను. పెద్దమ్మ లేచి వెళ్ళి అల్లుడికి ఎదురు కుర్చీలో, మామూలు మనిషిలా, ఆనుకుని కూర్చుంది.

"చిన్నీ," అన్నాడు బావ, "తప్పయిందని మీ అమ్మమ్మకు చెప్పు."

"పోరిని నడుమ పెట్టకు. నాకే చెప్పు."

ఆయన నేల చూపులు చూశాడు.

"ఇది నీ ఇంటికి రాదు. నా ఇంటికి తీస్కపోత" అంది పెద్దమ్మ.

అప్పుడు అక్క నోరు విప్పింది. తల్లితోనే. "వస్త అవ్వా. ఒక్కటి యాదికుంచుకో. నా బిడ్డ మీద నీ చెయ్యి పడ్డనాడు ఆ ఇంట్ల సుత ఉండ. మల్ల రాను."

"పడది" అంది పెద్దమ్మ.

హైదరాబాద్‌లో దిగాక బావ కారెక్కి కరీంనగర్ వెళ్ళిపోయాడు. మేం రైలెక్కాం.

అక్క మంచిర్యాలలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. పొద్దున వెళ్ళి సాయంత్రం బండికి వచ్చేది. పెద్దమ్మ మాట నిలబెట్టుకోవడానికి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. చిన్ని పాలగిన్నె తన్నేస్తే, పెద్దమ్మ దొడ్లోకి పోయి ఉతికిన దుప్పట్లే మళ్ళీ బండకేసి బాదేది. అవి చిరిగిపోయేవి. చిన్నికి ఆ కిటుకు తెలిసిపోయి, "అమ్మమ్మా, దుప్పటి తేవాల్నా?" అని ఏడిపించేది. పెద్దమ్మ పళ్ళు కొరుక్కుంటూ నవ్వేది. అలా చాలాకాలం గడిచింది. నేను నమ్మలేకపోయేదాన్ని.

ఒకరోజు చిన్ని చెప్పకుండా సైకిలేసుకుని మెయిన్ రోడ్డెక్కింది. బొగ్గులారీ కీచుమని ఆగింది, పిల్లకు జానెడు దూరంలో. పెద్దమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళి, పిల్లను లాగి, రోడ్డు మీదే చెంప మీద కొట్టింది. వేళ్ళు అచ్చు పడ్డాయి. తర్వాత ఆ పిల్లను గుండెకు అదుముకుని ఇంటి దాకా మోసుకొచ్చిందని చూసినవాళ్ళు చెప్పారు.

సాయంత్రానికి చిన్ని చెంపకు పౌడరు పూసుకుంది. అమ్మకు చెప్పొద్దని అమ్మమ్మను బతిమాలింది. అక్క ఇంకా గేటు దగ్గర ఉండగానే పెద్దమ్మ ఎదురెళ్ళి, "కొట్టిన" అంది. ఎందుకు కొట్టిందో చెప్పలేదు. లారీ సంగతి ఎత్తలేదు. అక్క లోపలికి వెళ్ళి పాప చెంప చూసింది, పౌడరు తుడిచి చూసింది. సంచులు తీసింది. నాదే తప్పని చిన్ని ఏడుస్తుంటే, పెద్దమ్మ పక్కన కూర్చుని కూతురి చీరలు మడతపెట్టి ఇచ్చింది.

అక్క మంచిర్యాలలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ తర్వాత లారీ సంగతి ఆమెకూ తెలిసింది. అయినా మాట మార్చలేదు. తల్లి చివరి జబ్బులో రోజూ వచ్చి, ఒళ్ళు తుడిచి, గంజి తాగించి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో మళ్ళీ నిద్ర చేయలేదు.

అక్క వెళ్ళిపోయిన వారానికి, నచ్చజెబుదామని నేను బెల్లంపల్లి వెళ్ళాను. పెద్దమ్మ గడప మీద కూర్చుని పెసర్లు చెరుగుతోంది. అంత కోపం అక్కకు పనికిరాదన్నాను. లారీ కింద పడబోయిన పిల్లను ఎవరైనా కొడతారన్నాను. పోయి తీసుకొస్తానన్నాను. ఆమె చేట కింద పెట్టింది.

"నువ్వు పోకు. దాన్నేమనకు" అంది. "మీ పెదబాపు నన్ను కొట్టిన దినాలల్ల నేను ఒక్కనాడన్న ఈ గడప దాటి పోలే. నా బిడ్డ రెండిండ్ల గడపలు దాటింది."